చల్లపల్లి ఆటోలో ఐసు దిమ్మ, వలీమా విందులో మంచినీళ్ళు

ఈసారి ప్రయాణం ఊళ్ళు చూడ్డానికి పెట్టుకున్నది కాదు. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో మా అక్కవాళ్ళ ఊరుంది. ఆ పక్కన ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడతాయి. అందుకని వేసవికి కాలవలు కట్టేసే లోపే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు. మా బావ ప్రభుదాసు ఆ చెరువు నీళ్ళను శుద్ధి చేసి ఇరవై లీటర్ల క్యాన్లలో ఇంటింటికీ వేస్తాడు. చిన్న రేకుల షెడ్డు, ఒక ప్లాంటు, ఒక ట్రాలీ ఆటో. కొన్నేళ్ళుగా ఆ ఇంటి బతుకు దాని మీదే నడుస్తోంది.

వేసవి మొదట్లో ఊళ్ళో చర్చి కొత్త భవనం ప్రతిష్ఠ జరిగింది. విందుకు బావ నీళ్ళే పోశారు. ఆ సాయంత్రం నుంచి చాలామందికి వాంతులు, విరేచనాలు. పిల్లలు ఎక్కువగా పడ్డారు. ఒక పెద్దాయనకు అవనిగడ్డ ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. దేవుడి దయవల్ల ప్రాణాపాయం లేదు. స్టేజీ మీద కూర్చున్నవాళ్ళకు కంపెనీ సీసాలు ఇచ్చారు, వాళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు. కింద క్యాన్ల నీళ్ళు తాగినవాళ్ళే పడ్డారు. దాంతో ఊరు ఒక మాట మీదకి వచ్చేసింది: ప్రభుదాసు నీళ్ళు మంచివి కావు. వారంలో సగానికి సగం ఇళ్ళు క్యాన్లు మానేశాయి.

మే నెలలో అదే ఊళ్ళో కరీముల్లా గారి అబ్బాయి పెళ్ళి. పెళ్ళయ్యాక పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇచ్చే వలీమా విందుకు నాలుగు వందల మంది దాకా వస్తారు. ఆ నీళ్ళ బేరం బావకు ముందే చెప్పి ఉన్నారు. గొడవ అయ్యాక బంధువులంతా చల్లపల్లి నుంచి తెప్పించుకోమన్నారు. కరీముల్లా గారు మాత్రం మధ్యేమార్గంగా ఒక మాట అన్నారట. "విజయవాడలో పరీక్ష చేయించి కాగితం పట్రా ప్రభుదాసూ. బాగుంటే నీ నీళ్ళే." అక్క ఫోన్ చేసి ఆ పని నా మీద పెట్టింది. "ఇది కూడా పోతే ఇంక ప్లాంటు అమ్ముకోటమేరా తమ్ముడూ" అంది. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఇనప సామాన్ల కొట్లో లెక్కలు రాస్తాను. అయినా నీళ్ళ పరీక్ష ఎక్కడ చేస్తారో నలుగురినీ అడిగి కనుక్కుని, బెంజ్ సర్కిల్ దగ్గరి ఒక ప్రైవేటు ల్యాబులో నమూనా ఇచ్చాను. క్రిముల పరీక్షకు, లవణాల పరీక్షకు కలిపి రెండు వేల చిల్లర అయ్యింది. సీసా వాళ్ళే ఇస్తారు. మనింటి సీసాలో పట్టుకెళ్తే తీసుకోరు. వాళ్ళిచ్చిన సీసా బస్సులో పంపితే బావ నీళ్ళు పట్టి అదే రోజు తిప్పి పంపాడు. విందు ముందురోజు సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, తాగడానికి పనికొస్తాయి అని ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

అటు వెళ్ళాలనుకునేవాళ్ళు బస్టాండులోనే ఎక్కడం మంచిది. నేను బద్ధకించి బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడ్డాను. ఆరు గంటల అవనిగడ్డ ఎక్స్‌ప్రెస్ వచ్చేసరికి సీట్లు లేవు. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక ఈ బస్సులు ఎప్పుడూ నిండుగానే ఉంటున్నాయి. చల్లపల్లికి నా టికెట్టు నూట పది అయ్యింది. కంకిపాడు దాటాక ఒకాయన దిగితే కూర్చున్నాను. ఉయ్యూరు దాకా బందరు కాలవ రోడ్డు పక్కనే వస్తుంది. కట్టేసిన కాలవ కాబట్టి అడుగున అక్కడక్కడా పచ్చటి మడుగులు, ఎండిన ఒండ్రు, దాని మీద కొంగలు. నీళ్ళున్న నెలల్లో వెళ్తే ఈ దారి కళ్ళకు చల్లగా ఉంటుంది. మేలో వెళ్ళేవాళ్ళు తలకు తువ్వాలు మరిచిపోవద్దు.

పామర్రులో బస్సు పది నిమిషాలు ఆగింది. థర్మాకోల్ పెట్టె నెత్తిన పెట్టుకుని ఒకాయన "కూలింగ్ వాటర్, కూలింగ్" అంటూ కిటికీల వెంట వచ్చాడు. ఒక లీటరు సీసా కొన్నాను. మూత చుట్టూ ఉండే రింగు తెగిందా లేదా, తయారైన తేదీ ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా అని తిప్పి చూస్తుంటే ఆయన నవ్వాడు.

"ఏంటండీ, బంగారం కొన్నట్టు చూస్తన్నారు? సీలుందండి దానికి."

"చూసుకుంటే తప్పేముంది?"

"చూసుకోండి, చూసుకోండి. బస్సు కదిలిపోద్ది, డబ్బులు మాత్రం ముందిచ్చేయండి."

పక్క సీటు ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇరవై ఇచ్చాను. పామర్రు దగ్గర బందరు రోడ్డు వదిలి బస్సు కుడివైపు తిరుగుతుంది. కూచిపూడి వచ్చేసరికి ఏడున్నర. నాట్యం నేర్చుకునే అమ్మాయిలు ఇద్దరు పొద్దుటి సాధనకు కాబోలు, చీర కట్టులోనే సైకిళ్ళ మీద పోతున్నారు. తీరికుంటే అక్కడ దిగి ఒక పూట గడపొచ్చు. నాకు తీరిక లేదు. మొవ్వ మీదుగా చల్లపల్లి చేరేసరికి ఎనిమిది దాటింది. సెంటర్లో ఇడ్లీ తిని, ఊరి వైపు వెళ్ళే ఆటో కోసం చూశాను.

ఆటో డ్రైవరు పేరు శ్రీను. ముప్ఫై ఏళ్ళుంటాయి. "ఎక్కండి బాబాయ్, ఆ ఊరి మీదుగానే. ఎనక ఓ ఫ్రెండున్నాడు, ఏం అనుకోకండి" అన్నాడు. చూస్తే వెనక సీటు ముందు, మనం కాళ్ళు పెట్టుకునే చోట, గోనెసంచుల్లో చుట్టిన ఐసు దిమ్మలు రెండున్నాయి. పైన ఊక చల్లి ఉంది. ఆ వైపు రొయ్యల చెరువులు ఎక్కువ. పట్టిన రొయ్య పాడవకుండా ఐసులో పెట్టి పంపుతారు కాబట్టి ఐసు ఫ్యాక్టరీలకు ఏడాది పొడుగునా పని ఉంటుంది.

"చెప్పులిప్పి దాని మీదెట్టుకోండి కాళ్ళు. ఏసీ కారులో కూడా ఇంత సుఖం ఉండదు."

నా పక్కన కూర్చున్నాయన అప్పటికే పెట్టుకున్నాడు. నేనూ పెట్టాను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, అరికాళ్ళకు హాయిగానే ఉంది.

"రొయ్యలకా?" అని అడిగాను.

"ఒకటి రొయ్యలకండి. రెండోది కరీముల్లా గారి విందుకి. రెండూ ఒక తల్లి పిల్లలే."

"విందులో ఐసు దేనికి?"

"భలేవోరే. నీళ్ళల్లోకండి. ముక్కలు కొట్టి కూల్ క్యాన్లలో వేసేత్తాం. ఈ ఎండల్లో చల్లనీళ్ళు పోయకపోతే బిరియానీ ఎంత బాగున్నా తిట్టుకుంటా పోతారు జనం. మొన్న చర్చి విందుకి కూడా నేనే తెచ్చా, మూడు దిమ్మలు."

కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. కూల్ క్యాను అంటే విందుల్లో కనిపించే ప్లాస్టిక్ పీపా, కింద కుళాయి ఉంటుంది. చల్లదనం నిలుపుతుందే గానీ తనంతట తాను చల్లబరచదు. బావ ప్లాంటులో నీళ్ళు చల్లబరిచే చిల్లరు మిషను లేదు, కొనే స్తోమతు లేదు. కాబట్టి చల్లదనం ఐసు నుంచే రావాలి. నా సంచిలో రిపోర్టు ఉంది. ఆ రిపోర్టు ప్లాంటు నీళ్ళ గురించి చెబుతుంది. జనం తాగింది ఒక్క ప్లాంటు నీళ్ళే కాదు.

"ఈ ఐసు ఏ నీళ్ళతో చేస్తారు శ్రీనూ?"

"బోరు నీళ్ళో, చెరువు నీళ్ళో. రొయ్య తాగుద్దా ఏంటండీ?" అని నవ్వాడు. అని, అద్దంలో నా మొహం చూసి, నవ్వు ఆపేశాడు. తరవాత తనే అడిగాడు, "అంటే... చర్చి కాడ జరిగింది...?"

"తెలీదు. అనుమానం."

ఛార్జీ ముప్ఫై ఇచ్చి, దిమ్మల్ని అప్పుడే పగలగొట్టొద్దని చెప్పి ప్లాంటు దగ్గర దిగాను. బావ క్యాన్లు కడుగుతున్నాడు. నన్ను చూసి, "ఏరా బామ్మర్దీ, కాగితం తెచ్చావా, వట్టి చేతులూపుకుంటా వచ్చావా?" అన్నాడు. గొంతు సరదాగానే ఉంది, కళ్ళు మాత్రం నా సంచి మీదే ఉన్నాయి. రిపోర్టు ఇచ్చాను. చదివి, అక్కను కేకేసి, మళ్ళీ చదివాడు. అక్క లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఐసు సంగతి చెప్పాను. బావ మొదట ఒప్పుకోలేదు. "ఐసులో పురుగులేం బతుకుతాయిరా, గడ్డ కట్టాక?" అన్నాడు. ల్యాబులో నమూనా తీసుకునే అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. గడ్డ కట్టినంత మాత్రాన క్రిములు చచ్చిపోవని, కరిగితే మళ్ళీ మామూలేనని ఆమె చెప్పింది. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే చాలదా అని బావ అడిగాడు. అది ఉప్పులు ఎంత ఉన్నాయో చెప్పేదే గానీ క్రిముల సంగతి చెప్పదు అంది. అప్పుడు అక్క అంది: "చర్చి రోజు మనింట్లో తాగింది కూడా అదే ట్యాంకు నీళ్ళే కదా. మన వీధి అంతటికీ అవే క్యాన్లు వేశావు. విందుకి రాని వాళ్ళల్లో ఒక్కరు పడ్డారా?"

బావ స్టూలు మీద కూర్చుండిపోయాడు. తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ అన్నాడు. "ఐసు వేసింది నేనేరా. వంటవాళ్ళు ఖాళీగా లేరని నేనే కొట్టి, నేనే వేశా. పిల్లలు చల్లగా తాగుతారని రెండు ముక్కలు ఎక్కువే వేశా."

కాసేపటికి ఆయనే, "ఇప్పుడెళ్ళి ఐసు వద్దంటే? ప్రభుదాసు నీళ్ళు చల్లగా లేవని మధ్యాహ్నానికల్లా చల్లపల్లి క్యాన్లు దిగుతాయి. చెప్పకుండా ఊరుకుంటే బేరం మనదే. కాగితం చూపిస్తే చాలు" అన్నాడు. ఆయన అడుగుతున్నాడో, తనకు తాను చెప్పుకుంటున్నాడో తెలియలేదు.

"ఊరుకుంటావా మరి?" అంది అక్క.

"ఊరుకుంటానని నేనన్నానా? నా చొక్కా ఏది?"

కరీముల్లా గారిల్లు రెండు వీధుల అవతల. పందిరి కింద సుభానీ మాస్టారు, అంటే వంట చేయించే ఆయన, మూడు పెద్ద డేగిశాలకు మంట పెట్టి ఉన్నారు. మసాలా వాసన వీధి మొదటి దాకా వస్తోంది. శ్రీను ఆటో పక్కనే నిలబడి ఉన్నాడు, దిమ్మలు ఇంకా గోనెల్లోనే ఉన్నాయి. కరీముల్లా గారు రిపోర్టు చూసి, "ఇంకేం, బిస్మిల్లా అని పోయించెయ్" అన్నారు. అప్పుడు బావ చెప్పాడు. ఐసు సంగతి, చర్చిలో తన చేతులతో వేసిన సంగతి, ఏదీ దాచలేదు. ఆ రోజు పడిన పిల్లల్లో కరీముల్లా గారి మనవరాలు కూడా ఉందని నాకు అక్కడే తెలిసింది.

ఆయన మొహం ఎర్రబడింది. "ఇప్పుడా చెప్పటం? ఒంటిగంటకి వడ్డన. మే నెల్లో నాలుగొందల మందికి వేడినీళ్ళు పోయమంటావా?"

"వేడినీళ్ళు పోసినా పర్లేదు గానీ, అవి మాత్రం పోయొద్దు కరీముల్లా గారూ. మీరు నా నీళ్ళు వద్దన్నా సరే. చల్లపల్లి నుంచి తెప్పించినా సరే, ఐసు మాత్రం వేయొద్దు."

సుభానీ మాస్టారు గరిట పక్కన పెట్టి వచ్చారు. "ముప్ఫై ఏళ్ళ నించీ ఐసేసే పోత్తన్నాం బాయీ" అని మొదలుపెట్టారు గానీ, మధ్యలో ఆగి, "అయినా ఏ విందైనా రెండో రోజు నలుగురికి కడుపు కదలటం మామూలే. నూనె మీదా, మాంసం మీదా తోసేత్తారు. మన వంటని తిట్టుకుంటారు" అన్నారు. ఆ మాట ఆయనకే కొత్తగా తోచినట్టుంది.

దారి చూపింది శ్రీను. "రొయ్యల్ని ఐసులో పెడతాం గానీ ఐసుని రొయ్యల్లో పెడతామా? క్యాన్లనే ఐసులో పెట్టండి" అన్నాడు.

"దేంట్లో పెడతావురా, నీ జేబులోనా?" అన్నారు మాస్టారు.

"ట్రక్కుందిగా."

పందిరి సామాను తెచ్చిన ట్రాక్టరు ట్రక్కు గోడ నీడలో ఉంది. దాంట్లో టార్పాలిన్ పరిచి, దిమ్మలు ముక్కలు చేసి పోసి, కాసిని నీళ్ళు వదిలారు. రొయ్యల దిమ్మ కూడా అందులోకే వచ్చేసింది. చెరువు రైతుకు ఇంకొకటి తెచ్చిస్తానని శ్రీను ఫోన్ చేసి చెప్పుకున్నాడు. బావ సీలు వేసిన క్యాన్లను వరసగా నిలబెట్టాడు. ఐసు నీళ్ళు క్యాను మెడ దాకా రాకూడదని ఆయన పట్టుదల. ఎవరైనా ఒక బకెట్టు ఎక్కువ పోస్తే అరిచాడు. పైన తడి గోనెలు కప్పారు. పన్నెండున్నరకు ఒక్కో క్యాను తీసి, మెడ దగ్గర ఉతికిన గుడ్డతో తుడిచి, సీలు విప్పి కూల్ క్యాన్లలోకి వంచారు. ఆ తుడిచే పని అక్క ఎవరికీ ఇవ్వలేదు. "మీ ఆవిడ ఉంటే పోలీసెందుకు ప్రభుదాసూ" అని కరీముల్లా గారు అన్నారు. అప్పటికి ఆయన కోపం దిగిపోయింది.

నీళ్ళు మరీ పళ్ళు జివ్వుమనేలా లేవు. చల్లగా ఉన్నాయి, అంతే. ఇద్దరు ముగ్గురు "ఐసు ముక్క లేదా?" అని అడిగారు. మాస్టారు గరిట ఎత్తి, "ఐసు రొయ్యలకి, బిరియానీ మనుషులకి. కూర్చోండి" అన్నారు. చల్లపల్లి నుంచి ఒక్క క్యానూ రాలేదు.

ల్యాబువాళ్ళు ఇచ్చిన సీసా ఒకటి నా దగ్గర మిగిలింది. దిమ్మ పగలగొట్టేటప్పుడే ఒక ముక్క దాంట్లో వేసుకుని, సీసాను ఐసు ముక్కలున్న కవర్లో పెట్టి ఉంచి, రెండున్నరకు బయల్దేరాను. నమూనా ఆ రోజే అందాలి, చల్లగా అందాలి. చల్లపల్లిలో బస్సు ఆలస్యమైంది, ఉయ్యూరు దగ్గర ట్రాఫిక్ ఆగింది. బెంజ్ సర్కిల్లో దిగేసరికి ఆరు. ల్యాబు ఏడింటి దాకా ఉంటుంది. ఐసు ముక్క కరిగి నీళ్ళయిపోయినా కవరు ఇంకా చల్లగానే ఉందని తీసుకున్నారు. బస్సులకు, ఆటోలకు, తిండికి కలిపి ఆ రోజు నా ఖర్చు నాలుగు వందల లోపే. పరీక్ష ఖర్చు వేరు.

కొన్ని రోజులకు రిపోర్టు వచ్చింది. ఐసు నీళ్ళు తాగడానికి పనికిరావు, మలంలో ఉండే క్రిములు ఉన్నాయి అని. చర్చి రోజు వేసిన ఐసు ఇదే కాదు కాబట్టి ఆ రోజు సంగతి నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఐసు ఫ్యాక్టరీవాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. వాళ్ళు రొయ్యలకని చేసి రొయ్యలకని అమ్ముతున్నారు. బావ రెండు రిపోర్టులూ తీసుకుని చర్చికి వెళ్ళి, ఐసు వేసింది తానేనని పాస్టరు గారి ముందు, సంఘం ముందు చెప్పాడు. శుక్రవారం నమాజు అయ్యాక కరీముల్లా గారు మసీదు దగ్గర చెప్పారు. వలీమాకు వచ్చినవాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. మానేసిన ఇళ్ళు కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని ఇంకా రాలేదు. సెలైన్ ఎక్కించుకున్న పెద్దాయన ఇప్పటికీ చల్లపల్లి క్యానే తెప్పించుకుంటున్నాడు. "ఆయన్ని నేను అడగను. ఆయన తాగాలనుకున్నప్పుడే తాగుతాడు" అన్నాడు బావ ఫోన్లో. ప్లాంటు అమ్మే మాట మాత్రం ఇంట్లో మళ్ళీ రాలేదని అక్క చెప్పింది. సుభానీ మాస్టారు ఇప్పుడు ఏ ఊరికి వంటకు వెళ్ళినా ముందు ట్రక్కు, టార్పాలిన్ ఉన్నాయా అని అడుగుతున్నారట.

నీళ్ళ సంగతి రాయాలంటే కంపెనీలు, ప్లాంట్లు, మోసాలు అని రాయడం తేలిక. అవి లేవని అనను. కానీ ఈ ప్రయాణంలో నేను చూసినవాళ్ళెవరూ మోసం చేయలేదు. మండే ఎండలో ఇంటికొచ్చినవాళ్ళకు చల్లటి నీళ్ళు ఇవ్వాలనుకున్నారు, ఆ తొందరలో ఐసు ఎక్కడిదని అడగలేదు. అడిగిన పూటే పద్ధతి మారింది. దానికి పెద్ద ఖర్చూ కాలేదు, ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేకపోయింది. తప్పు చేశానని నలుగురిలో చెప్పగలిగిన మనిషి ఒకడు చాలాడు. మా బావ గురించి ఇలా రాస్తానని నేను అనుకోలేదు, ఆయనకూ తెలియదు.

వేసవిలో అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. సీసా కొంటే మూత రింగు, తేదీ చూసుకున్నాక, తాగే ముందు సీసా మూతిని శుభ్రమైన గుడ్డతో పొడిగా తుడవండి, ఎందుకంటే అది నానిన ఐసు నీళ్ళు తాగేవి కాకపోవచ్చు. విందులో గానీ, హోటల్లో గానీ చల్లటి నీళ్ళు గ్లాసులో పోసి ఇస్తే, వాటిని ఎలా చల్లబరిచారో మొహమాటం లేకుండా అడగండి. ఐసు వేశామంటే, మామూలు నీళ్ళు ఇమ్మనండి.